ఇరవయ్యొక్క పూతల దారం

వినాయకచవితి పత్రిలో ఉత్తరేణి లేకపోతే కోనసీమలో పూజ పూర్తయినట్టు కాదు. మిగతా ఏడాదంతా అది కాలువ గట్ల మీద పంచెకూ చీర కుచ్చిళ్లకూ అంటుకునే కలుపు మొక్క. ఆయుర్వేద శస్త్రవైద్యులకు మాత్రం ఏడాది పొడుగునా కావాలి. వేళ్లతో సహా ఎండబెట్టి కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి, మళ్లీ మళ్లీ వడకట్టి, ఆ తేటను మరగబెట్టి క్షారం తీస్తారు. భగందరానికి, అంటే ఫిస్టులాకు, వేసే క్షారసూత్రమనే మందు దారంలో కోసే గుణం ఈ క్షారానిదే.

దారం తయారీ ఓపిక పని. నార దారాన్ని చట్రానికి బిగించి ఆకుజెముడు పాలు పూస్తారు. అది పూర్తిగా ఆరాకే మరో పూత. ఉత్త పాలు 11 సార్లు, పాల మీద క్షారం అద్ది 7 సార్లు, పసుపు అద్ది 3 సార్లు. పాలు జిగురై క్షారాన్ని పట్టి ఉంచుతాయి. అన్నిటికీ పైన ఉన్న పసుపు పుండుకు మొదట తగులుతుంది. ఈ వరస పెట్టినవాళ్ల బుద్ధికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

వైద్యుడు సన్నటి శలాకతో పుండు దారి వెతికి, దారం దూర్చి ముడివేస్తాడు. వారానికోసారి పాత దారం కొసకు కొత్తది కట్టి లాగుతాడు. పాతది బయటికి వస్తూ కొత్తదాన్ని లోపలికి తీసుకుపోతుంది. దారం కొంచెం కొంచెంగా కోసుకుంటూ వస్తుంటే, దాని వెనకే కండ పూడుకుంటూ వస్తుంది. మలాన్ని ఆపే కండరం ఒక్కసారిగా తెగదు. అసలు పనితనం ఇదే. తీసిన దారం ప్రతిసారీ పొట్టిదవుతుంది. దాన్ని కొలిస్తే చికిత్స ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

చైనా వైద్యులూ ఈ దారే పట్టారు. 1556 నాటి షూ చున్‌ఫు గ్రంథంలో, మూలికతో ఉడికించిన దారానికి సీసపు గుండు వేలాడదీసే పద్ధతి ఉంది. అక్కడ బరువు కోస్తుంది, ఇక్కడ క్షారం. మనవైపు సుశ్రుతుడు క్షారపు దారం చెబితే, 11వ శతాబ్దంలో చక్రదత్తమనే గ్రంథం పసుపు, జెముడు పాలతో చేసే తీరు చెప్పింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి.జె. దేశ్‌పాండే బృందం 1960లలో దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చింది. 1991లో భారత వైద్య పరిశోధన మండలి ప్రచురించిన పోలికలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 11 శాతం మందికి జబ్బు తిరగబెడితే, దారం వేయించుకున్నవాళ్లలో 4 శాతానికే తిరగబెట్టింది. మానడానికి మాత్రం నాలుగు వారాల బదులు ఎనిమిది పట్టింది.

భీమవరం, తణుకు, రాజమండ్రి, ఏ ఊరి బజారులోనైనా మొలలకూ ఫిస్టులాకూ గ్యారంటీ వైద్యమనే బోర్డులు కనిపిస్తాయి. దారం ఎంత మంచిదైనా, పుండు లోపలి నోరు కనిపెట్టలేని చేతిలో పడితే జబ్బు ముదురుతుంది. శల్యతంత్రం, అంటే ఆయుర్వేద శస్త్రవైద్యం, చదివిన వైద్యుడేనా అని అడిగి, క్షయ వంటివి కారణం కావని పరీక్షల్లో తేల్చుకున్నాకే దారం వేయించుకోవాలి.