మూడింటికి బండి ఎక్కడుంటుంది?

లోడు ఖాయం కాగానే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ముందు కిరాయి మాట వస్తుంది, తర్వాత కిలోమీటర్ల లెక్క. కైకలూరు నుంచి హౌరాకి చేపల బండి అంటే ఇంచుమించు 1,150 కిలోమీటర్లు. పార్టీకి కావాల్సింది ఎల్లుండి తెల్లారేలోపు మార్కెట్లో బండి నిలబడటం. నేను మాత్రం కాగితం మీద మొట్టమొదట రాసుకునేవి వేరే. తెల్లవారుజామున మూడింటికి బండి ఎక్కడుంటుంది? అప్పుడు స్టీరింగు ఎవరి చేతిలో ఉంటుంది? ఆ మనిషి అంతకుముందు ఎప్పుడు, ఎంతసేపు పడుకున్నాడు? ఇవి తేలాకే టోల్‌గేట్లు, డీజిలు, భోజనాలు. డ్రైవరుగా ఉన్నప్పుడు నా కోసం వేసుకున్న లెక్క ఇది. ఇప్పుడు రెండు బండ్లకు ఓనరునయ్యాక నా దగ్గర పనిచేసేవాళ్ళ కోసం వేస్తున్నాను.

చెరువు పట్టుబడి తెల్లారగట్ల మొదలవుతుంది. బొచ్చె, శీలావతి వేరుచేసి, కాటా వేసి, ట్రేలలో ఐసుతో సర్ది, పట్టా బిగించేసరికి సాయంత్రం అవుతుంది. అయిదింటికి బండి కదిలిందనుకోండి. లోడు మీదున్న బండికి ఆగినచోట్లు పోను గంటకి నలభై అయిదు, యాభైకి మించి సగటు రాదు. రాత్రి తొమ్మిదింటికి అన్నవరం అటూ ఇటూగా భోజనం. అనకాపల్లి దగ్గర ఆనందపురం బైపాస్ ఎక్కితే విశాఖ ఊళ్ళోకి వెళ్ళే పని లేదు. మూడింటికి శ్రీకాకుళం దాటి నరసన్నపేట, టెక్కలి మధ్యలో ఉంటాం. ఇచ్ఛాపురం దాటాక డీజిలు మనకన్నా చవక కాబట్టి అక్కడిదాకా సరిపోయేంతే పోయించుకుంటాం. బరంపురంలో తెల్లవారుతుంది. భువనేశ్వర్ మధ్యాహ్నానికి, బాలాసోర్ సాయంత్రానికి, ఖరగ్‌పూర్ రాత్రి పదింటికి. హౌరా చేరేసరికి ఒంటిగంటో, రెండో. అక్కడ వేలంపాట తెల్లారకముందే మొదలవుతుంది.

మొత్తం ముప్ఫై రెండు, ముప్ఫై మూడు గంటలు. అందులో చక్రం తిరిగేది ఇంచుమించు పాతిక గంటలు. ఒక్క డ్రైవరుతో ఈ ట్రిప్పు పంపితే అతనికి నిద్రకు మిగిలేది ఏమిటో ఎవరైనా లెక్క కట్టొచ్చు. తిండి, స్నానం, టైరు పంక్చరు, టోల్ దగ్గర క్యూ అన్నీ ఆ మిగిలిన ఏడెనిమిది గంటల్లోంచే పోవాలి. అయినా ఇలాంటి ట్రిప్పులు ఒంటి డ్రైవరుతో రోజూ వెళ్తూనే ఉన్నాయి. పూర్వం క్లీనరైనా ఉండేవాడు. నిద్ర పట్టకుండా కబుర్లు చెప్పేవాడు, పక్కన కూర్చుని వెనకొచ్చే బండ్లు చూసి చెప్పేవాడు. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవాలని ఆ సీటు కూడా ఖాళీ పెడుతున్నారు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. దాన్నీ సడలించారు.

రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఒళ్ళు మన మాట వినదు. ఎంత అనుభవమున్నా, ఎంత టీ తాగినా అంతే. అరవై వేగంలో బండి సెకనుకు పదహారు మీటర్లకు పైనే పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే యాభై మీటర్లు. ఆ యాభై మీటర్లలో ఇండికేటర్ లేకుండా నిలబెట్టిన మరో లారీ ఉండొచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు కూడా ప్రమాదమే, కాకపోతే వెలుతురు ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కటక్ ట్రాఫిక్ దాటి భద్రక్ వైపు తిరిగాక దారి సాఫీగా ఉంటుంది, కడుపులో అన్నం ఉంటుంది. అందుకే మా బండ్లలో పగటి భోజనం సగమే. మిగతా సగం సాయంత్రం, స్టీరింగు దిగాక.

ఇద్దరు డ్రైవర్లుంటే చాలదు, ఎవరు ఎప్పుడు దిగాలో కూడా ముందే అనుకోవాలి. సాయంత్రం బండి తీసేవాడికి ఒంటిగంట దాటాక స్టీరింగు ఇవ్వను. రెండోవాడు పట్టుబడి దగ్గర నిలబడకుండా మధ్యాహ్నమే ఇంట్లో పడుకుని రావాలి. ఇది చెప్పినంత సులువు కాదు. పెళ్ళాం పిల్లల మధ్య పగలు పడుకోవడం కుదరదని చెప్పేవాళ్ళున్నారు, అది నిజమే. బండిలో సీటు వెనక బెర్తు మీద నిద్ర కూడా కొత్తవాళ్ళకు ఓ పట్టాన పట్టదు. ప్రతి స్పీడు బ్రేకరుకీ మెలకువ వస్తుంది. ముందు తోలేవాడి బ్రేకు మీద నమ్మకం కుదిరాకే వెనక పడుకున్నవాడికి నిద్ర పడుతుంది. జోడీని అందుకే తరచూ మార్చను.

శ్రీకాకుళం ఇవతల ఒక ధాబా దగ్గర మా వాళ్ళు చేతులు మార్చుకోవడం చూశాను. దిగినవాడు ముందు ఇనప రాడ్డుతో టైర్లన్నీ ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వచ్చాడు. గాలి తగ్గిన టైరు మోత వేరుగా ఉంటుంది. వెనక చక్రాల దగ్గర వంగి హబ్బు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. బేరింగు పట్టేస్తుంటే అక్కడ కాలుతుంది. పట్టా తాళ్ళు లాగి చూశాడు, ఐసు నీళ్ళు ఏ మూలనుంచి ఎక్కువ కారుతున్నాయో చూశాడు. ఈలోపు లేచినవాడు ముఖం కడుక్కుని, టీ తాగి, అటూ ఇటూ నడుస్తున్నాడు. నిద్రలేచిన వెంటనే స్టీరింగు పట్టనివ్వం, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగాల్సిందే. "అన్నా, ఎడమ అద్దం కొంచెం వదులైంది, క్లచ్ బాగానే ఉంది" అని దిగినవాడు చెప్పి బెర్తు ఎక్కాడు. ఆ ఇరవై నిమిషాలు వృథా అని ఏ ఓనరైనా అంటే వాడికి బండి గురించి తెలియదనే నేనంటాను.

రాత్రిపూట హైవే మీద పోలీసులు లారీలు ఆపి ముఖం కడుక్కోమని నీళ్ళిస్తున్నారు. ఒడిశా ప్రభుత్వం 2023 డిసెంబరులో తెల్లవారుజామున డ్రైవర్లకు ధాబాల్లో ఉచితంగా టీ ఇప్పిస్తామని ప్రకటించింది. అవి మంచి పనులే, నిద్రమత్తులో ఉన్నవాణ్ణి ఒక అరగంట కాపాడతాయి. కొత్తగా తయారయ్యే లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేయడం అంతకంటే పెద్ద మేలు. మే నెలలో ఇంజను సెగ పక్కన పగలు పడుకోవడమంటే ఏమిటో పడుకున్నవాడికే తెలుసు. కానీ నిద్రకు సమయమే లేనివాడికి ఏసీ మాత్రం ఏం చేస్తుంది?

సమయం ఇవ్వాల్సింది చట్టం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అంది. దూర ప్రయాణాలకు పదిదాకా పోవచ్చంది. అయిదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం, ఒకనాటి పనికీ మర్నాటి పనికీ మధ్య ఏకబిగిన తొమ్మిది గంటల విశ్రాంతి అని రాసింది. అరవై ఏళ్ళ కిందటే ఇంత వివరంగా ఆలోచించారంటే గౌరవం కలుగుతుంది. కానీ అది వర్తించింది అయిదుగురు లేక అంతకుమించి పనివాళ్ళున్న సంస్థలకే. ఇప్పుడు ఆ చట్టాన్ని కార్మిక కోడ్‌లలో కలిపేశారు, 2025 నవంబరు 21 నుంచి అవి అమల్లో ఉన్నాయి. వాటిలో ఆ సంఖ్య పదికి పెరిగింది. నా దగ్గర ఉన్నది నలుగురు. మన రోడ్ల మీద కనిపించే బండ్లలో ఎక్కువ భాగం నాలాంటి చిన్న ఓనర్లవే. రాత్రి మూడింటికి తోలుతున్నవాళ్ళలో చాలామంది ఆ చట్టం గడప బయటే ఉన్నారు.

అమెరికాలో పదకొండు గంటలకు మించి తోలకూడదు, అదీ పది గంటలు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాకే. 2017 డిసెంబరు నుంచి ఆ లెక్క డ్రైవరు రాయడు, ఇంజనుకు తగిలించిన యంత్రమే రాస్తుంది. యూరప్‌లో నాలుగున్నర గంటలకోసారి నలభై అయిదు నిమిషాలు ఆగాలి. మన దగ్గరా అలాంటి గంటలు నిర్ణయించాలని, నిద్రమత్తును పసిగట్టే సెన్సర్లు పెట్టాలని 2021లో కేంద్రమంత్రి గడ్కరీ అన్నారు. యంత్రం దాకా ఎందుకు, మన బండ్లకు జీపీఎస్ ఉంది, ప్రతి టోల్‌గేటు దగ్గరా ఫాస్టాగ్ సమయం నమోదు చేస్తూనే ఉంది. ఎవరు ఎన్ని గంటలు ఆగకుండా తోలారో ఓనరు ఫోనులోనే కనిపిస్తుంది. కానీ ఆ ఫోను దేనికి మోగుతుంది? బండి అరగంట ఆగితే "ఏరా, ఎందుకు ఆపావు?" అని. ఎనిమిది గంటలు ఆగకుండా పోతుంటే ఏ ఓనరూ ఫోను చేసి ఆపమనడు. నేను నా ఫోనులో అలారం తిరగేసి పెట్టుకున్నాను. అయిదు గంటలు దాటి కదులుతుంటే మోగుతుంది, ఆగితే మోగదు.

అసలు చిక్కు రోడ్డు మీద రాదు, లోడింగు దగ్గర వస్తుంది. వల ఆలస్యమైనా, ఐసు లారీ ఆలస్యమైనా, లెక్కలు తేలక బిల్లు ఆలస్యమైనా హౌరా సమయం మాత్రం కదలదు. అయిదింటికి తీయాల్సిన బండి తొమ్మిదింటికి తీస్తే ఆ నాలుగు గంటల కోత ఎవరో ఒకరి నిద్రకే. అందుకని పార్టీలతో ముందే మాట్లాడుకుంటున్నాను. ఏడు దాటి లోడు కడితే ఆ తెల్లారికి మార్కెట్ అందుతుందని మాట ఇవ్వను. పైన ఐసు ఎక్కువ వేయించుకోవాలి, మర్నాటి వేలానికి దించుకోవాలి. కొందరు ఒప్పుకున్నారు. కొందరు వేరే బండి చూసుకున్నారు.

రెండో డ్రైవరు ఖర్చు ఎవరు భరిస్తారని అందరూ అడుగుతారు. జీతం, బత్తా కలిపి ట్రిప్పుకు అయిదు వేలు అనుకుందాం. బండిలో పది టన్నుల చేప ఉంది. కిలోకి అర్ధరూపాయి. ఈ అర్ధరూపాయి కిరాయిలో వేరుగా కనబడేలా రాసి బిల్లు ఇస్తున్నాను. కొనేవాడు బేరమాడితే ఐసు మీద ఆడనీ, కాటా మీద ఆడనీ, ఆ వరస మీద మాత్రం నేను తగ్గించను.