పోగు, తాళం, వంతు: థ్రెడ్‌ల మధ్య దత్తాంశ పంపకాన్ని చెప్పే తెలుగు మాటలు - ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే థ్రెడ్‌లు ఒకే దత్తాంశాన్ని వాడుకొనేటప్పుడు తలెత్తే సమస్యలను తెలుగులో వివరించడానికి పోగు, సమకాలీకరణ, తాళం అనే మాటలు అందుబాటులో ఉన్నాయి. ఇవి ఆంగ్ల పదాల పైరూపాన్ని తెచ్చినంతగా భావాన్ని తేలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అనంతపురం కరువు పీఠభూమిలో నీటి పంపకం చుట్టూ నిలిచిన వంతు, నీరుగంటి అనే మాటలు ఆ భావానికి ఎంతవరకు సరిపోతాయో, ఎక్కడ సరిపోవో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: థ్రెడ్, ఉమ్మడి దత్తాంశం, తాళం, వంతు, నీరుగంటి, అనంతపురం, సాంకేతిక పరిభాష.

1. ప్రస్తావన

ఇంజనీరింగ్ విద్యను తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో బోధించడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021లో అనుమతించింది. అప్పటినుంచి సాంకేతిక పదాల ఎంపిక నిఘంటుకర్తలకు మాత్రమే సంబంధించిన విషయం కాకుండా పోయింది. చరిత్రలో ఒక పారిభాషిక పదం సరిగా కుదరకపోతే పాఠకుడు కొంత తడబడతాడు. ప్రోగ్రామింగ్‌లో కుదరకపోతే విద్యార్థి తప్పు భావంతో తప్పు ప్రోగ్రాం రాస్తాడు, ఆ తప్పు నెలల తరబడి బయటపడదు.

పరిభాషా నిర్మాణంలో సాధారణంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. ఆంగ్ల పదాన్ని తెలుగు లిపిలో ఉంచడం ఒకటి, సంస్కృత ధాతువులతో కొత్త పదం కల్పించడం మరొకటి. ఆ భావం తెలుగువారి అనుభవంలో లేదన్న అభిప్రాయం తరచుగా రెండింటి వెనుకా ఉంటుంది. ఉమ్మడి దత్తాంశం విషయంలో ఆ అభిప్రాయం నిలవదు.

2. సమస్య స్వరూపం

వేరుశనగ విత్తనాల పంపిణీ కేంద్రాన్ని ఊహించవచ్చు. గిడ్డంగిలో 100 బస్తాలున్నాయి. రెండు కిటికీల దగ్గర ఇద్దరు గుమాస్తాలున్నారు. నిల్వ లెక్క మాత్రం ఒకే పుస్తకంలో ఉంది. ఇద్దరూ ఒకేసారి పుస్తకం చూసి 100 అని చదువుకొన్నారు. చెరొక బస్తా ఇచ్చి, ఒకటి తీసివేసి, చెరొకసారి 99 అని రాశారు. గిడ్డంగిలో మిగిలినవి 98, పుస్తకంలో ఉన్నవి 99. ఇద్దరిలో ఎవరూ లెక్క తప్పలేదు. చదవడం, తీసివేయడం, రాయడం అనే మూడు పనుల మధ్య రెండోవారు చొరబడడమే తప్పుకు కారణం.

ఒకే సంఖ్యను మార్చే రెండు థ్రెడ్‌ల స్థితి ఇదే. ఈ దోషం ప్రతిసారీ కనిపించదు. వెయ్యి సార్లు సరిగా నడిచిన ప్రోగ్రాం ఆ తరువాతిసారి తప్పవచ్చు. కాబట్టి పరీక్షించి చూడడం ఒక్కటే చాలదు, సూత్రం తెలిసి రాయాలి.

మరొక చిక్కు కూడా ఉంది. గుమాస్తాలు ప్రతిసారీ పుస్తకం దగ్గరకు వెళ్లలేక, అంకెను తమ చీటీ మీద ఎక్కించుకొని దానితోనే పని చేస్తుంటే, ఒకరు చేసిన మార్పు మరొకరికి తెలియదు. ప్రాసెసర్ క్యాష్‌లూ కంపైలర్ మార్పులూ థ్రెడ్‌లకు ఇటువంటి స్థితినే కల్పించగలవు. ఒక థ్రెడ్ రాసింది మరొక థ్రెడ్‌కు ఎప్పుడు తప్పక కనిపించాలో నిర్దేశించే నియమాలను జావా భాష 2004లో, జావా 5 నాటికి, తిరగరాసుకోవలసి వచ్చింది.

3. పోగు: మగ్గం చెప్పేది, చెప్పనిది

థ్రెడ్‌కు ‘పోగు’ అనే అనువాదం సహజంగా తోస్తుంది. పట్టుచీరలకు పేరుపొందిన ధర్మవరం అనంతపురం ప్రాంతంలోనిదే (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా). తెగకుండా సాగే ఒక పనివరుస అన్న అర్థంలో ఈ మాట బాగుంది. విడివిడి పోగులన్నీ ఒకే మగ్గానికి చెందినట్లు థ్రెడ్‌లన్నీ ఒకే ప్రాసెస్‌కు చెందుతాయన్న సూచన కూడా ఇందులో ఉంది.

అయితే పడుగులోని ఏ పోగు స్థానం ఎక్కడో నేత మొదలుకాకముందే నిర్ణయమై ఉంటుంది. నాడె ఎప్పుడు ఏ పోగుల మధ్య నుంచి పోవాలో నేతగాడికి తెలుసు. ఏ రెండు పోగులూ ఒకే చోటికోసం పోటీపడవు. ప్రోగ్రాంలో ఏ థ్రెడ్ ఏ క్షణంలో ముందుకు కదులుతుందో రాసినవాడికి తెలియదు. అంటే మగ్గంలో ముందే తీరిపోయిన సమస్యే ప్రోగ్రాంలో ప్రధాన సమస్య. పోగు పేరుగా పనికివస్తుంది, వివరణగా పనికిరాదు.

4. సమకాలీకరణ, తాళం

తెలుగు కంప్యూటర్ తెరల మీద ‘సింక్’ అన్నదానికి ‘సమకాలీకరణ’ కనిపిస్తుంది. ఫోనులోని చిరునామాలను, కంప్యూటర్‌లోని చిరునామాలను ఒకటి చేసే సందర్భంలో ఆ మాట కొంతవరకు నప్పుతుంది. థ్రెడ్‌ల సందర్భంలో అది భావాన్ని తలకిందులు చేస్తుంది. ‘సమకాలం’ అంటే ఒకే కాలం. జావాలో ఒక పద్ధతికి ‘సింక్రనైజ్డ్’ అని ముద్రవేస్తే, ఒకే వస్తువుమీద రెండు థ్రెడ్‌లు ఒకే కాలంలో అందులోకి రాకూడదని అర్థం. పదం కలిసి నడవమంటుంది, నియమం ఒకరి తరువాత ఒకరు నడవమంటుంది.

‘తాళం’ ఇంతకన్నా మేలైన మాట. కాని అది ఒక భ్రమను కలిగిస్తుంది. ఇంటికి తాళం వేస్తే తాళంచెవి లేనివారు లోపలికి రాలేరు. ప్రోగ్రాంలోని తాళం దత్తాంశాన్ని మూసి ఉంచదు. తాళం అడగకుండానే నేరుగా దత్తాంశాన్ని తాకే థ్రెడ్‌ను అది ఆపలేదు. అందరూ ముందుగా తాళం అడుగుతారన్న ఒప్పందమే దాని బలం. పైగా తాళం వేసి తీయడంలో, ముందువారు రాసినది తరువాతివారికి తప్పక కనిపించాలన్న హామీ కూడా ఇమిడి ఉంది. ఇంటి తాళానికి ఆ గుణం లేదు.

ఈ ఒప్పంద స్వభావం శాస్త్రపు తొలి ఉపమానంలో స్పష్టంగా ఉంది. డైక్‌స్ట్రా 1965 నాటి తన రచనలో వాడిన ‘సెమాఫోర్’ రైల్వే సిగ్నల్ పేరు. సిగ్నల్ రైలును పట్టి ఆపదు, డ్రైవర్ దానిని పాటించాలి. గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రమైన ఈ ప్రాంతానికి ఆ ఉపమానం దూరమైనది కాదు. ఒంటిలైను మార్గాల్లో టోకెన్ పద్ధతి దీనికి మరింత దగ్గర. స్టేషన్‌లో ఇచ్చిన టోకెన్ చేతిలో ఉన్న డ్రైవరే ముందు మార్గంలోకి రైలును నడపాలి. అది తిరిగి యంత్రంలో చేరేవరకు రెండో టోకెన్ బయటికి రాదు.

5. వంతు, నీరుగంటి

అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అన్నదమ్ములు పంచుకొన్న భూమిలో బావి మాత్రం ఉమ్మడిగా మిగిలితే, కపిల తోలే రోజులు వంతులుగా ఏర్పడేవి. వంతులో మూడు భావాలున్నాయి: ఒకసారికి ఒకరే, ఒకరి తరువాత మరొకరు, అందరూ పాటిస్తేనే అది నిలుస్తుంది. బావికి తాళం ఉండదు, వంతు ఉంటుంది. ప్రోగ్రాంలోని ‘లాక్’ స్వభావం సరిగ్గా ఇదే.

చెరువు కింద వ్యవస్థ వేరు. అక్కడ రైతు తనంతట తాను తూము ఎత్తకూడదు, నీరుగంటి మడికి నీళ్లు పెడతాడు. శాస్త్రంలో దీనికి సమానమైనది ‘మానిటర్’. హోర్ దానిని 1974లో వివరించాడు. దత్తాంశాన్ని, దానిని తాకే పద్ధతులను ఒకచోట చేర్చి, ఆ పద్ధతుల ద్వారా తప్ప వేరేదారి లేకుండా చేయడం దాని సారం. జావా ఈ భావాన్నే తీసుకొంది గాని పూర్తిగా తీసుకోలేదు. దత్తాంశాన్ని బయటివారు నేరుగా తాకకుండా దాచడమూ, ప్రతి పద్ధతికీ ముద్ర వేయడమూ ప్రోగ్రామర్ ఇష్టానికే వదిలింది. మానిటర్ భావనకు మరో కర్త అయిన బ్రించ్ హాన్సెన్ 1999లో జావాను తీవ్రంగా విమర్శించింది ఈ కారణంగానే. తూముకు నీరుగంటిని నియమించి, పక్కనే కట్టకు గండి వదిలేసినట్లుంది ఆ ఏర్పాటు.

ప్రతిష్టంభన అనే స్థితినీ ఈ జీవితం నుంచే చెప్పవచ్చు. ఒక రైతు ఆయిల్ ఇంజను తెచ్చుకొని పైపులకోసం ఎదురుచూస్తున్నాడు. పైపులు తెచ్చుకొన్న రైతు ఇంజనుకోసం ఎదురుచూస్తున్నాడు. ఎవరూ తమది వదలరు, ఎవరి పైరూ తడవదు. ఎవరైనా ముందు ఇంజను, ఆ తరువాతే పైపులు అడగాలన్న కట్టుబాటు ఉంటే ఈ చిక్కు రాదు. తాళాలను అన్ని థ్రెడ్‌లూ ఒకే క్రమంలో తీసుకోవాలన్న నియమం ఇదే.

6. బోరుబావి: తెలియని ఉమ్మడి

బావి ఉమ్మడిదని అందరికీ తెలుసు. బోరు ఎవరికివారు తమ భూమిలో, తమ అప్పుతో వేసుకొన్నది. కాని గట్టి రాతినేలలో నీరు నిలిచే పగుళ్లు పొలం గట్లను అనుసరించవు. ఒకరి బోరు లోతుకు పోతే పక్కవారి బోరు ఎండవచ్చు. తనదే అనుకొన్న దత్తాంశాన్ని మరొక థ్రెడ్ కూడా తాకుతోందని తెలియకపోవడం ప్రోగ్రాంలోనూ అత్యంత ప్రమాదకరమైన స్థితి. వంతు లేకపోవడం కంటె, వంతు అవసరమని తెలియకపోవడం పెద్ద సమస్య.

దీనికి వచ్చిన రెండు పరిష్కారాలు పోల్చదగినవి. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బావులకు అనుమతిని, దూరాన్ని నిర్దేశించింది. ఇది పైనుంచి వేసిన తాళం. అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో సాగిన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం వేరే దారి తొక్కింది. వాన ఎంత కురిసిందో, బావుల్లో నీటిమట్టం ఎంతుందో రైతులే కొలిచి, పంటల నీటి లెక్కను ఊరిముందు పెట్టారు. నిషేధానికి బదులు, అందరికీ ఒకే లెక్క కనిపించేలా చేయడం దాని పద్ధతి. తాళం చేసే రెండు పనుల్లో మొదటిది చట్టం, రెండోది ఈ పథకం చేపట్టాయనవచ్చు.

7. వంతు పరిమితులు

ఈ ఉపమానానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, వాడిన నీరు తరుగుతుంది, చదివిన దత్తాంశం తరగదు. మార్చకుండా చదివేవారు ఎందరైనా ఏకకాలంలో చదువుకోవచ్చు. రాసేవారు వచ్చినప్పుడే వంతు కావాలి.

రెండోది సామాజికమైనది. పల్లెలో వంతు ఎన్నడూ కులానికీ అధికారానికీ అతీతంగా లేదు. చివరి మడికి నీళ్లు చేరేసరికి చెరువు అడుగంటవచ్చు. వంతుందంటే న్యాయముందని కాదు. విచిత్రంగా ఈ లోపమే బోధనకు ఉపకరిస్తుంది. జావాలో ‘సింక్రనైజ్డ్’ ముద్ర ఎదురుచూస్తున్న థ్రెడ్‌లకు వచ్చిన వరుసలోనే అవకాశమిస్తానని హామీ ఇవ్వదు. ఒక థ్రెడ్‌కు ఎంతకాలమైనా వంతు రాకపోవచ్చు. శాస్త్రం ఆ స్థితికి ఆకలిచావు అని అర్థమిచ్చే పేరే పెట్టింది. కరువుసీమ విద్యార్థికి ఆ పేరు అలంకారంగా వినిపించదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. థ్రెడ్‌కు ‘పోగు’ పేరుగా సరిపోతుంది, పంపకాన్ని వివరించదు. ఈ సందర్భంలో ‘సమకాలీకరణ’ విడిచిపెట్టదగినది. ‘తాళం’ వాడుకలో కొనసాగవచ్చు గాని, అది ఒప్పందమే తప్ప గోడ కాదని పాఠంలో చెప్పి తీరాలి. ఆ ఒప్పందాన్ని ‘వంతు’, దానికి కాపలాను ‘నీరుగంటి’ సరిగా పట్టి చూపుతాయి. సరైన వంతు, న్యాయమైన వంతు వేర్వేరు అన్న భేదాన్ని ఈ మాటలే ముందుకు తెస్తాయి. తెలుగులో సాంకేతిక పాఠాలు రాసేవారు నిఘంటువుతో పాటు బావిగట్టు భాషనూ సంప్రదించవలసిన అవసరం ఉంది.