తలుపు సందు చూసి కారును తూచవచ్చా?

మా పాఠశాల తెలుగు సంఘంలో ఈసారి చర్చకు పెట్టిన అంశం ఇది: “కొత్త కంపెనీలు చేసే ఎలక్ట్రిక్ కార్ల పనితనం పాత కంపెనీల కార్లకు సాటి రాదు.” అవునన్నవారు ఒక వైపు, కాదన్నవారు ఒక వైపు కూర్చున్నారు. నేను ఏ వైపూ మాట్లాడలేదు, కూర్చుని విన్నాను. రెండు జట్లూ బాగానే మాట్లాడాయి. కానీ రెండూ తప్పు కొలబద్ద పట్టుకున్నాయని నాకు అనిపించింది. ఎందుకు అనిపించిందో చెప్పడానికే ఈ వ్యాసం.

హోసూరు వాళ్ళకు ఇది ఊరికే పొద్దుపోని మాట కాదు. అశోక్ లేలాండ్, టీవీఎస్, ఏథర్ ఫ్యాక్టరీలు, వాటికి విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న చిన్న యూనిట్లు మన చుట్టూనే ఉన్నాయి. మా తరగతిలో చాలామంది ఇళ్ళల్లో నాయనో, చిన్నాయనో, అక్కో షిఫ్టుకు పోయి వచ్చేవాళ్ళే. ఇంకో పక్క పెట్రోలు ఖర్చు లెక్క వేసుకుని ఎలక్ట్రిక్ కారు కొందామా అని ఆలోచించే ఇళ్ళూ ఉన్నాయి. కారంటే ఏళ్ళ తరబడి కంతులు కట్టే అప్పు. అది మంచి బండా కాదా అని ఎట్లా తెలుసుకోవాలన్నది ఇంటింటి విషయం.

అవునన్న జట్టు టెస్లా కథతో మొదలుపెట్టింది. ఆ కంపెనీ మోడల్ 3 కారును 2017లో అమ్మడం మొదలుపెట్టింది. వారానికి 5,000 కార్లు చేయాలని లక్ష్యం పెట్టుకుని, అది అందక, 2018లో కాలిఫోర్నియాలోని తన ఫ్యాక్టరీ బయట గుడారం వేసి అక్కడ కూడా కార్లు బిగించింది. యంత్రాల మీద అతిగా ఆధారపడడం పొరపాటేనని దాని అధిపతి ఎలాన్ మస్క్ ఆ ఏడాదే ఒప్పుకున్నాడు. కార్లను విప్పి ముక్కముక్కా పరిశీలించే శాండీ మన్రో అనే ఇంజనీరు కూడా అదే ఏడాది మోడల్ 3ని విప్పి చూశాడు. తలుపుల మధ్య, బానెట్ అంచున సందులు ఒక చోట వెడల్పుగా, ఒక చోట ఇరుకుగా ఉన్నాయని తిట్టిపోశాడు.

సందు సరిగా ఉండకపోతే ఏమవుతుంది అని కొందరు నవ్వారు. నవ్వాల్సిన విషయం కాదు. కారు ఒళ్ళు ఎన్నో రేకు ముక్కలను ప్రెస్సులో ఒత్తి, వెల్డింగ్ చేసి కలిపితే తయారవుతుంది. ఒక్కో ముక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, అవన్నీ చేరి చివరికి తలుపు సందులో బయటపడతాయి. అంటే సందు ఫ్యాక్టరీ ఎంత తొందరలో ఉందో చూపిస్తుంది. అంతవరకు ఆ జట్టు చెప్పింది నిజమే.

కానీ వాళ్ళు సగం కథే చెప్పారు. అదే మన్రో అదే కారులోని బ్యాటరీని, ఎలక్ట్రానిక్స్‌ను మెచ్చుకున్నాడు. అదే 2018లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ మోడల్ 3కి ఢీకొట్టే పరీక్షల్లో అన్ని విభాగాలలోనూ 5 నక్షత్రాలు ఇచ్చింది. సందులు వంకరగా ఉన్న కారే లోపలి మనిషిని బాగా కాపాడింది. కాబట్టి తలుపు సందును చూసి కారు మొత్తాన్ని తూచలేము.

కాదన్న జట్టు ఈ 5 నక్షత్రాలనే పట్టుకుంది. మన దేశంలో కూడా 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు ఉన్నాయి, కొత్త ఎలక్ట్రిక్ కార్లు అందులో 5 నక్షత్రాలు తెచ్చుకుంటున్నాయి, ఇంకేం కావాలి అన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆ పరీక్ష ఏం చూస్తుంది? కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దిస్తారు, పక్క నుంచి గుద్దిస్తారు, లోపలి బొమ్మలకు ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. అది చాలా అవసరమైన పరీక్షే. అయితే వానకు నీళ్ళు లోపలికి వస్తాయా, మూడేళ్ళకు బోల్టు వదులవుతుందా అని అది చూడదు. కొన్ని కార్లనే గుద్ది చూస్తారు, ఫ్యాక్టరీలో తయారైన ప్రతి కారునూ కాదు.

దీనికి మంచి ఉదాహరణ టెస్లా వారి సైబర్‌ట్రక్. 2024 ఏప్రిల్‌లో 3,878 బండ్లను వెనక్కి పిలిచారు. కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది: సబ్బు. యాక్సిలరేటర్ పెడల్ మీద రేకు తొడుగు సులభంగా ఎక్కాలని ఫ్యాక్టరీలో సబ్బు రాశారు. ఆ మార్పుకు అనుమతి లేదు. మిగిలిపోయిన జారుడు వల్ల తొడుగు ఊడి పైకి జరిగి ఇరుక్కుంటే, పెడల్ నొక్కినట్టే ఉండిపోయే ప్రమాదం ఉంది. మళ్ళీ 2025 మార్చిలో 46,000కు పైగా బండ్లను పిలిచారు. ఈసారి పైకప్పు అంచున జిగురుతో అంటించిన స్టీలు పట్టీ ఊడిపోవచ్చునట. బయట మెరిసే స్టీలు, దాన్ని పట్టి ఉంచేది పెళుసుబారే జిగురు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రెండు లోపాలనూ ఏ నక్షత్రమూ చూపించలేదు.

మరి పాత కంపెనీ అయితే భయం లేదా? ఇక్కడే మా చర్చ అంశమే తప్పుగా ఉందనిపించింది. పనితనం అంటే ముందు గుర్తొచ్చే పేరు టయోటా. ఆ టయోటా తన ఎలక్ట్రిక్ కారు బీజడ్4ఎక్స్‌ను అమ్మకానికి తెచ్చిన కొద్ది రోజులకే, 2022 జూన్‌లో, 2,700 కార్లను వెనక్కి పిలిచింది. చక్రం బోల్టులు వదులై చక్రమే ఊడిపోవచ్చునని! వంద ఏళ్ళు దాటిన జనరల్ మోటార్స్ 2021లో తన షెవ్రోలే బోల్ట్ కార్లన్నిటినీ, దాదాపు 1 లక్షా 42 వేల బండ్లను, బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచింది. వయసు ఒక్కటే పనితనానికి హామీ అయితే ఇవి జరగకూడదు.

ఉడికిందో లేదో తెలియడానికి అన్నానికి ఒక్క మెతుకు చాలంటారు. కార్లకు ఆ సామెత పనికిరాదు. ఒక జట్టు ఒక చెడ్డ కారు చూపిస్తే, ఇంకో జట్టు ఒక మంచి కారు చూపిస్తుంది, చర్చ అక్కడే తిరుగుతుంది. లెక్కలు కావాలి. 2020లో జె.డి. పవర్ సంస్థ అమెరికాలో కొత్త కార్లు కొన్నవారిని అడిగి వేసిన లెక్కలో టెస్లాకు 100 కార్లకు 250 సమస్యలు వచ్చాయి. అన్ని కంపెనీల సగటు 166. అంటే కొత్త కంపెనీ మీద అనుమానానికి కొంత ఆధారం ఉంది. కానీ ఆ లెక్క కొన్న మొదటి 90 రోజులదే, అందులో చిన్న సమస్యా పెద్ద సమస్యా కలిసే ఉంటాయి.

అయితే అసలు తేడా ఎక్కడుంది? మా చిన్నాయన ఒక విడిభాగాల యూనిట్‌లో పని చేస్తారు. ఆయన్ని అడిగితే ఒక మాట చెప్పారు. “బోల్టు బిగించినాక దాని మీద రంగుతో గీత పెడతాం. గీత లేకపోతే పక్క మనిషి ఆ ముక్కను ముట్టడు. పూసే నూనె మార్చాలన్నా సంతకం కావల్లప్పా” అన్నారు. ఆ మాట విన్నాక సబ్బు కథ నాకు బాగా అర్థమైంది. సబ్బు పెద్ద తప్పు కాదు. సంతకం లేకుండా సబ్బు లైనులోకి రావడం పెద్ద తప్పు. పనితనం అంటే రేకు మందం కాదు, ఫ్యాక్టరీకి ఉన్న అలవాటు. పాత కంపెనీలు ఆ అలవాటును ఏళ్ళ తరబడి నేర్చుకున్నాయి, అయినా అప్పుడప్పుడు తప్పుతాయి. కొత్త కంపెనీలు పరుగెత్తుతూ నేర్చుకుంటున్నాయి. ఆ చదువుకు ఫీజు ఎవరు కడుతున్నారు? కొన్నవాళ్ళు.

నా విమర్శ ఇదే. కొనేవాడు ఫ్యాక్టరీ చివరి ఇన్‌స్పెక్టరు కాకూడదు.

కొత్తవాళ్ళు కదా, కొంచెం టైమివ్వాలి, తప్పులుంటే సాఫ్ట్‌వేర్ పంపి సరిచేస్తారు అని మా స్నేహితులు అన్నారు. కొంతవరకు ఒప్పుకుంటాను. వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ 2023లో అమెరికాకు పంపిన మొదటి 999 కార్లనూ రీకాల్ చేసింది, తెర ఉన్నట్టుండి నల్లబడుతోందని. అది సాఫ్ట్‌వేర్‌తో సరిచేయగల లోపం. కానీ సాఫ్ట్‌వేర్‌ను గాలిలో పంపినట్టు బోల్టును పంపలేరు. తెరలో తప్పుకు టైమివ్వవచ్చు, పెడల్‌లో తప్పుకు ఇవ్వకూడదు.

అదే విన్‌ఫాస్ట్ 2025 ఆగస్టులో మన రాష్ట్రంలోనే తూత్తుక్కుడిలో ఫ్యాక్టరీ తెరిచింది. మొదట ఏడాదికి 50,000 కార్లు చేసేంత సామర్థ్యం అన్నారు. 2023 నాటి మరక చూసి దాన్ని కొట్టిపారేయడం అన్యాయం. కొత్త షోరూము చూసి మురిసిపోవడమూ తొందరే.

అందుకని కారు చూడడానికి పోయే పెద్దలకు నేను మూడు ప్రశ్నలు చెబుతాను. ఒకటి, ఈ మోడల్‌ను ఇంతవరకు ఎన్నిసార్లు వెనక్కి పిలిచారు, దేనికి? వెనక్కి పిలవడం సిగ్గు కాదు. తప్పు దాచడం సిగ్గు. రెండు, దెబ్బ తగిలితే ఎక్కడ సరిచేస్తారు? టెస్లా మోడల్ వై కారు వెనుక భాగంలో దాదాపు 70 ముక్కల బదులు ఒకే పెద్ద అల్యూమినియం పోత వాడడం మొదలుపెట్టింది. అతుకులు తగ్గుతాయి, మంచిదే. కానీ అది పగిలితే మన టింకరింగ్ షెడ్డులో సుత్తితో సరిచేసే రేకు కాదు. మూడు, కంపెనీయే లేకపోతే? ఫిస్కర్ ఓషన్ కారును ఆస్ట్రియాలో ఎంతో అనుభవమున్న మాగ్నా స్టెయిర్ బిగించింది. అయినా 2024 జూన్‌లో ఫిస్కర్ దివాలా తీసింది. కారు కొన్నవాళ్ళు విడిభాగాల కోసం తిప్పలు పడ్డారు. బిగించిన చెయ్యి మంచిదైనా, వెనక నిలబడేవాడు లేకపోతే ఆ కారు సగం కారే.

ఇక మా తోటి విద్యార్థులకు ఒక మాట. రేపు మనలో కొందరం ఇలాంటి లైనులోనే నిలబడతాం. షిఫ్టు అయిపోతోంది, లెక్క పూర్తి కావాలి, తొందరగా కానివ్వమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. ఆ రోజు బోల్టు బిగించకుండా రంగు గీత పెట్టకూడదు. ఆ బండిలో ఎక్కేవాళ్ళు ఆ గీతను నమ్మే కూర్చుంటారు.