వేలితో దిగాల్సిన బోల్టు

పాత బుల్లెట్‌లోంచి ఇంజిన్ దించి చూస్తే ఆ బండికి ఛాసిస్ సగమేనని తెలుస్తుంది. ముందు నుంచి కిందికి దిగే ఒంటి గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. దాన్నీ వెనక భాగాన్నీ కలిపేది ఇంజినే. అక్కడ ఇంజిన్ మోయాల్సిన బరువు ఒక్కటే కాదు, బండికి ఎముక కూడా.

డీజిల్ మార్పిడి చేసిన బుల్లెట్ ఒకటి నా దగ్గర నాలుగేళ్లు ఉండేది. కంపెనీయే టారస్ పేరుతో 325 సీసీ, ఆరున్నర హార్స్‌పవర్ డీజిల్ బుల్లెట్ అమ్మింది. నాది అది కాదు, ఓ షెడ్డులో పెట్రోల్ ఇంజిన్ తీసేసి కట్టింది. ఒకరోజు కడుగుతుంటే ఇంజిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ముందు ప్లేటు వెల్డింగ్ పక్కన పెయింటు మీద వెంట్రుకంత గోధుమరంగు గీత కనిపించింది. గుడ్డతో తుడిచినా మర్నాటికి మళ్లీ వచ్చింది. లోపలి పగులులోంచి తుప్పు ఊరుతోంది. ప్లేటు విప్పితే గుండ్రంగా ఉండాల్సిన బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంది.

పాత పెట్రోల్ బుల్లెట్ గాలిని దాదాపు ఆరున్నర రెట్లు నొక్కుతుంది. డీజిల్ 18 రెట్ల దాకా నొక్కుతుంది. ఆ దెబ్బలన్నీ తినేది ప్లేట్లూ బోల్టులే. అందుకే రంధ్రంలో బోల్టు మరలు కాదు, నున్నటి కాడ కూర్చోవాలి. అది వేలితో తోస్తే దిగాలి. సుత్తితో కొట్టి దించారంటే, బండి స్టార్ట్ చేయకముందే ఛాసిస్ మెలిపడి ఉన్నట్టే. నా బండికి జరిగింది అదేనని నా నమ్మకం.

ఇంజిన్ మార్పిడి మన దగ్గరే కాదు, ఇంగ్లండ్ కుర్రకారు కూడా నార్టన్ ఛాసిస్‌లో ట్రయంఫ్ ఇంజిన్ పెట్టి దాన్ని ట్రైటన్ అన్నారు. 1950లో వచ్చిన ఆ ఫెదర్‌బెడ్ ఛాసిస్‌ని బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెకాండ్లెస్ సోదరులు రూపొందించారు. రెండు గొట్టాలు ఇంజిన్ చుట్టూ పూర్తిగా తిరిగి వస్తాయి, ఇంజిన్ లేకున్నా అది నిలబడుతుంది. అయినా మంచి పనివాళ్లు ప్లేట్లు కొలిచి కోసేవారు, సిలిండర్ హెడ్‌ని పైగొట్టానికి బిగించేవారు. బుల్లెట్‌లో ఆ జాగ్రత్త ఇంకెంత కావాలి!

మన దగ్గర ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అది సరే. ఇప్పటికే అలాంటి బండి నడుపుతున్నవాళ్లు ఈ ఆదివారం ఇంజిన్ కింద జాకీ ఆనించి, ముందు బోల్టు ఒక్కటి వదులు చేసి చూడండి. వేలితో కదలకపోతే బండి బయటికి తీయకండి.