వెండి రూపాయల నాగుల కప్పు

మూడు తాచులు ఆ పాత్రను చుట్టి నిలబడ్డాయి. వాటి ఒళ్లే పిడులు. మూత మీద అంబారీ మోస్తున్న ఏనుగు. ఎత్తు దాదాపు 18 అంగుళాలు. ఏటా ఇంగ్లండ్, స్కాట్లండ్ రగ్బీ జట్లు పోటీపడే కలకత్తా కప్పు ఇదే.

ఈ ఆట ఇంగ్లండ్‌లోని రగ్బీ బడి పిల్లలది. అక్కడ చదువుకున్నవాళ్లు ఎక్కడికెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్లారు. 1873లో కలకత్తాలో క్లబ్బు పెట్టినవారిలోనూ వాళ్లున్నారు. బెంగాల్ ఉక్కపోతలో ఆట నిలదొక్కుకోలేదు. పోలో, టెన్నిస్ సభ్యుల్ని లాగేసుకున్నాయి. క్లబ్బు మూతపడేటప్పుడు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, ఈ కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ సంఘానికిచ్చారు. దానికోసం తొలి పోటీ 1879లో ఎడిన్‌బరోలో జరిగింది. డ్రా అయింది.

ఆటల లెక్క ఎలా ఉన్నా, కళ్లు ఆగిపోయేది మన దేశపు పనితనం దగ్గరే. నిన్నటిదాకా చేతులు మారిన నాణేలు పాములయ్యాయి, ఏనుగయ్యాయి! పాత్ర ఒంటిమీది నగిషీ ఎంత సన్ననిదో! 1988లో మ్యాచ్ ముగిసిన రాత్రి ఆటగాళ్ల చేతుల్లో అది సొట్టలు పడితే, మళ్లీ వెండిపనివాళ్లే సరిచేశారు.

అడుగున చెక్కపీఠానికి రేకులు బిగించి ఉంటాయి. ప్రతి పోటీ తేదీ, గెలిచిన దేశం, ఇద్దరు కెప్టెన్ల పేర్లు వాటి మీద చెక్కి ఉంటాయి.