తాళం తీయడమా, ఇల్లు ఖాళీ చేయడమా?

సిమ్‌కార్డు పిన్‌ను వరుసగా 3 సార్లు తప్పు నొక్కితే కార్డు లాక్ అవుతుంది. అప్పుడు పీయూకే అనే మరో సంఖ్య కావాలి. దాన్నీ 10 సార్లు తప్పుగా నొక్కితే ఆ సిమ్ ఇక పనికిరాదు. టెండర్ పత్రాలపై డిజిటల్ సంతకానికి వాడే యూఎస్‌బీ టోకెన్‌లో ఉండేదీ ఈ జాతి చిప్పే. సంతకాలకు, గుర్తింపుకు వాడే ఇలాంటి కార్డులను సిద్ధం చేయడానికి, లాక్ అయితే విడిపించడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌సీ. దాని సోర్సు కోడును ఎవరైనా చదవవచ్చు.

దీని గొప్పతనం ఏమిటి? పలు కంపెనీల కార్డులతో ఒకే తీరుగా మాట్లాడుతుంది. కార్డు ఇచ్చే జవాబులనూ అడిగితే చూపిస్తుంది. ఐఎస్ఓ 7816 ప్రమాణం ప్రకారం '63 సి2' అంటే ఇంకా రెండు అవకాశాలు ఉన్నాయని, '69 83' అంటే పిన్ లాక్ అయిందని అర్థం. ఈ లెక్క చిప్పులోనే ఉంటుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా మారదు. విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏముంటుంది?

లోపం మరోచోట ఉంది. పీయూకేతో పిన్‌ను విడిపిస్తే లోపలి రహస్య తాళంచెవి భద్రంగా ఉంటుంది. కార్డును చెరిపి మళ్లీ సిద్ధం చేస్తే పిన్‌తోపాటు తాళంచెవీ పోతుంది. మొదటిది తాళం తీయడం, రెండోది ఇల్లు ఖాళీ చేయడం. సంతకపు తాళంచెవి పోతే కొత్తది తీసుకోవచ్చు, పాత సంతకాలు చెల్లుతాయి. రహస్య లేఖలు విప్పే తాళంచెవి పోతే, మరో ప్రతి లేనప్పుడు, ఆ లేఖలు ఎప్పటికీ తెరుచుకోవు.

ఇంత తేడా ఉన్నా, కొత్త పిన్ పెట్టేటప్పుడు ఓపెన్‌ఎస్‌సీ పీయూకేను 'ఐచ్ఛికం' అంటుంది. వద్దనుకుంటే ఎంటర్ నొక్కమంటుంది. అలా నొక్కితే రేపు ఏమవుతుందో అక్కడ చెప్పదు. కొన్ని కార్డులైతే చెరపడానికి కూడా వీలుకానివి. ఈ విషయంలో గ్నూపీజీ నయం. ఓపెన్‌పీజీపీ కార్డును తొలి స్థితికి తెచ్చే ముందు తాళంచెవులన్నీ నశిస్తాయని హెచ్చరించి, 'యస్' అని టైపు చేయించుకుంటుంది.

ఓపెన్‌ఎస్‌సీ నేర్చుకోదగ్గ సాధనమే. ఆ ఒక్క ప్రశ్న దగ్గర రెండు వాక్యాల హెచ్చరిక చేరిస్తే ఎందరికో మేలు. అంతవరకు ఖాళీ కార్డుతో సాధన చేయండి, పీయూకేను కాగితంపై రాసి కార్డుకు దూరంగా దాచండి.