రాలిన జీడిపండు, గోవా ఫెనీ

గోవాలో ఫెనీ అనే మద్యం కాచేవాళ్లకు పాత కట్టుబాటు ఒకటుంది. జీడిపండును కొమ్మ మీద నుంచి కోయకూడదు. అది పండి, తనంత తాను రాలాలి. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా, వానలు దిగేలోపు, కొండవాలు తోటల్లో పొద్దున్నే బుట్టలు పట్టుకుని పళ్లు ఏరుతారు. కొమ్మ మీది పండు ఎంత ఎర్రగా మెరిసినా దాని వగరు పూర్తిగా విరగదు. రాలిన పండేమో ఒక్క రోజు ఆగితే పాడవుతుంది. ఈ రెంటి మధ్య దొరికే కొద్ది గంటల్లోనే ఫెనీ మంచిచెడ్డలు సగం తేలిపోతాయి.

జీడిమామిడి ఈ నేలకు పరాయి చెట్టు. ఈశాన్య బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దీన్ని గోవాకు తెచ్చారు. కొబ్బరికల్లు బట్టీపెట్టి తీసే ఫెనీ దక్షిణ గోవాలో ఇప్పటికీ ఉంది. జీడిపండు ఫెనీ కన్నా అదే పాతదని చెబుతారు. అంటే పండు కొత్తదైనా చేతిపని పాతదే. ప్రపంచమంతా పిక్క కోసం పెంచే చెట్టుకు, పిక్క తీశాక మిగిలే పండులో మరో విలువ ఉందని గోవా రైతులు పట్టుకున్నారు. ఆ తెలివికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

పిక్కను మెలిపెట్టి తీసేశాక పళ్లను రాతిలో తొలిచిన తొట్టిలో పోసి కాళ్లతో తొక్కుతారు. రసం పల్లానికి కారి కుండల్లో పడుతుంది. మిగిలిన పిప్పిని గుండ్రంగా పేర్చి, తాడు చుట్టి, పైన బండరాయి పెడతారు. బరువుకు చుక్కచుక్కగా దిగే తేటరసం పేరు నీరో. అందులో మత్తుండదు. వేసవి పొద్దుటిపూట చల్లగా తాగే తీపి పానీయం అది. పులియబెట్టడానికి వాడేది తొక్కినప్పుడు వచ్చిన చిక్కటి రసాన్నే.

ఆ రసంలో నీళ్లు కలపరు, చక్కెర వేయరు, ఈస్టు చల్లరు. పండు తొక్క మీదా గాలిలోనూ ఉన్న ఈస్టులే పని మొదలుపెడతాయి. పాత పద్ధతిలో కుండలను సగం దాకా మట్టిలో పాతేవారు. ఎండాకాలపు వేడి ఎగిరెగిరి పడకుండా భూమి ఆపుతుంది. సుమారు మూడు రోజులకు పొంగు తగ్గుతుంది. త్వరపడితే తీపి మిగిలిపోతుంది, ఆలస్యమైతే ఊట పులిసి వెనిగర్ దారి పడుతుంది. ఎప్పుడు దించాలో చెప్పేది బట్టీ మనిషి ముక్కూ నాలుకా.

ఇక బట్టీ. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. ప్రపంచంలోని సారాలన్నీ ఈ తేడా మీదే నిలిచాయి. కానీ పొయ్యి ముందు కూర్చున్నవాడికి ఈ అంకెలు పెద్దగా అక్కరకు రావు. ఊట సూటిగా ఒక వేడి దగ్గర విడిపోదు. ఆల్కహాలూ నీళ్లూ పండు సువాసనలూ కలిసే ఆవిరై లేస్తాయి. మంట పెరిగితే నీళ్లు ఎక్కువొస్తాయి, అడుగంటిన కంపు పడుతుంది. మంట మరీ తగ్గితే ధార ఆగిపోతుంది. అందుకే కట్టెలు ఒక్కొక్కటే ఎగదోస్తూ కూర్చోవాలి. ఒకప్పుడు కాచే బాన మట్టిదే. ఆవిరి గొట్టం గుండా ఇంకో కుండలోకి వెళ్లేది, ఆ కుండ మీద గరిటెతో చన్నీళ్లు పోస్తూనే ఉండేవారు. ఇప్పుడు రాగి బాన వచ్చింది, నీళ్లతొట్టిలో చుట్టలుగా తిరిగే గొట్టం వచ్చింది. రాగి ఆవిరిలోని గంధకపు వాసనను లాగేసుకుంటుంది కాబట్టి ఆ మార్పు మేలే. మట్టికుండ స్థానంలో ప్లాస్టిక్ డ్రమ్ము రావడం మాత్రం నాకు మింగుడుపడదు.

మొదటి కాపులో వచ్చేది ఉర్రాక్. 15 శాతం దాపు ఆల్కహాలు, పండు వాసన నిండుగా ఉంటుంది, నిలవుండదు. ఆ రెండు మూడు నెలలూ నిమ్మరసం, ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయతో గోవా అంతా తాగేది దాన్నే. ఉర్రాక్‌కు మళ్లీ జీడిపండు రసం కలిపి రెండోసారి కాస్తే 40 శాతం దాటిన ఫెనీ దిగుతుంది. ఘాటు కొలవడానికి మీటరు లేని రోజుల్లో పైనుంచి ధారగా పోసి నురగ చూసేవారు. నీళ్లూ ఆల్కహాలూ పాళ్లు మారితే బుడగ నిలిచే సేపు మారుతుంది. మెక్సికోలోని ఒహాకాలో మెస్కాల్ కాచేవాళ్లు కూడా గొట్టంతో పీల్చి, చిన్న గిన్నెలోకి వదిలి, ముత్యాల్లాంటి బుడగలను చూసే తీర్పు చెబుతారు. కొందరు ఫెనీలో సుగంధిపాల వేర్లు నానబెడతారు. దాని పేరు దుక్‌షిరి. వేసవిలో నన్నారి షర్బత్ తాగే రాయలసీమవాళ్లకు ఆ వాసన వెంటనే తెలిసిపోతుంది.

ఫెనీ వాసన గట్టిదని బయటివాళ్లు ముక్కు మూసుకుంటారు. వోడ్కాలో ముడిసరుకు ఆనవాలు మిగలకుండా శుద్ధి చేస్తారు. ఫెనీలో పండును దాచరు. ఫ్రాన్సులో కోన్యాక్‌నూ రాగి బానల్లో రెండుసార్లే కాస్తారు, కాపు మార్చి 31కల్లా ముగియాలని అక్కడ నిబంధన. పండూ కాలమూ ఊరూ కలిసి నిర్ణయించే పానీయాలివి. కోన్యాక్ ఊరి పేరుతో లోకమంతా అమ్ముడవుతుంటే, ఎక్సైజు చట్టాల్లో ఫెనీ ‘కంట్రీ లిక్కర్’ గదిలో చిక్కుకుని చాలాకాలం రాష్ట్రం దాటలేకపోయింది. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో గోవా ప్రభుత్వం దీన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. రెండూ చాలా ఆలస్యంగా వచ్చాయి.

మన దగ్గర సారా అనగానే దూబగుంట ఆడవాళ్లు గుర్తొస్తారు. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే సారా ప్యాకెట్లకు పోతుంటే 1992లో నెల్లూరు జిల్లాలో లేచిన ఆ కోపం న్యాయమైనది. 1993లో సారా నిషేధం రావడం వాళ్ల గెలుపు. ఫెనీలో ఉన్నదీ ఆల్కహాలే, అతిగా తాగితే చేటు ఒకటే. అయినా ఏడాది పొడవునా కాంట్రాక్టరు ప్యాకెట్లలో నింపి అమ్మినదాన్నీ, రాలిన పండు కోసం ఏడాదంతా ఎదురుచూసి కాచినదాన్నీ ఒకే మాటతో పిలవడం నాకు ఒప్పుదల కాదు.

శ్రీకాకుళం ఉద్దానంలోనూ ఇవే చెట్లు, ఇదే వేసవి పండు. పలాస జీడిపప్పు పేరు దేశమంతా తెలుసు. పిక్క వేరుచేశాక పండులో ఎక్కువ భాగం తోటలోనే కుళ్లిపోతుంది. ఫెనీ పేరు గోవాది, అది వాళ్లకే ఉండాలి. నీరోకు మాత్రం బట్టీ అక్కర్లేదు. కావలసిందల్లా పొద్దున ఏరిన పళ్లు, ఒక తొట్టి, ఒక బండరాయి. 2018లో తిత్లీ తుపానుకు తోటలు కూలిన రైతులకు ఆ పిప్పిలో దాగిన రసం విలువ ఎవరైనా కూర్చోబెట్టి చూపించాలి.